అత్తమ్మ హౌజులోని మీసాల చేపలు

ముడిమ్యాలలో మా ఇంటి వెనక, బట్టలుతికే బండ పక్కన, నీళ్లు పట్టుకునే సిమెంటు తొట్టి, మా హౌజులో రెండు మార్పు చేపలున్నాయి. తొలి వానకు అవి పాకుతూ పొలం గట్టు దాటుతుంటే మా ఆయన కూరకని పట్టుకొచ్చాడు. ఆ రోజు ఇంట్లో ఉపవాస ప్రార్థన. రేపు కోద్దామని అత్తమ్మ వాటిని హౌజులో వదిలి, ఊరికే ఉండలేక నాలుగు మెతుకులు వేసింది. మర్నాడు నేను కత్తిపీట తీస్తే చేయి పట్టుకుంది.

"అన్నం పెట్టినంక కోస్తమా బిడ్డా?"

అలా అవి మా ఇంటివైపోయాయి. మార్పుకు పొలుసుండదు. నల్లగా, నున్నగా, మూతి చుట్టూ మీసాలతో ఉంటుంది. పొలుసు లేని చేపను తినవద్దని బైబిల్లో ధర్మశాస్త్రం. అది గుర్తుచేస్తూ మా సంఘం పాస్టరు అయ్యగారు ఒకసారి అత్తమ్మను నవ్వుతూ అడిగారు: "ఏందమ్మా, అపవిత్రమైనదాన్ని ఇంట్ల పెట్టుకున్నవ్?"

"పొలుసు లేదనే గద అయ్యగారూ, తినకుండ సాదుతున్న!"

రోజూ సాయంత్రం ఆమె గిన్నెతో హౌజు అంచు తడుతుంది. ముందు మీసాలు పైకొస్తాయి, తర్వాత మూతులు. అన్నంలో తవుడు పిసికిన ముద్ద ఒక్కటే, రెండింటికీ కలిపి. బుధవారం మా ఇంట్లో ప్రార్థన కూటం అయ్యాక సంఘం అక్కల చేత కూడా తలా చిటికెడు వేయించేది.

పోయిన ఏడు కంటి ఆపరేషన్ చేయించుకుని ఆమె పది రోజులు మొయినాబాద్‌లో మా ఆడబిడ్డ ఇంట్లో ఉంది. ఆటో ఎక్కాక కూడా ఒకటే మాట: "నా కండ్ల ఫికర్ ప్రభువు చూస్కుంటడు. చేపలకు జర యాళ్లకు పెట్టు."

ఆమె కోసం ప్రార్థించడానికి అక్కలు రోజూ వచ్చారు. అత్తమ్మ మీది ప్రేమకొద్దీ చేపలకు ఇళ్ల నుంచి ముద్దలే తెచ్చారు. ప్రార్థనకు వచ్చినవాళ్లను వద్దనేదెట్లా? నేనూ వేశాను. ఐదో రోజుకు నీళ్లు పులిసి వాసన వేశాయి. గిన్నెతో తడితే ఒక్క మీసమూ కదలలేదు. రెండూ ఓ పక్కకు వాలి, మూతులు తెరుస్తూ మూస్తూ తేలుతున్నాయి.

అంతలో అత్తమ్మ ఫోన్. "తిన్నయా బిడ్డా?"

"తిన్నయి అత్తమ్మా."

సండే స్కూల్లో పిల్లలకు అబద్ధమాడొద్దని చెప్పేదాన్ని నేనే. మర్నాడు అక్కలు ప్రార్థనకు కళ్లు మూసుకోకముందే ఉన్నదున్నట్టు చెప్పేశాను.

"అయ్యో, మన ప్రేమనే వాటిని సంపుతున్నది గదనే!" అంటూ వాళ్లలో పెద్దక్క కొంగు దోపింది. చేపలను గంగాళంలోకి మార్చి, పాటలు పాడుతూనే హౌజు తోడాం, పాచి గీకాం, బోరు నీళ్లు పట్టాం.

"ఇగ రెండు దినాలు వీటికి గూడ ఉపవాసమే" అంది ఇంకొకామె. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

హౌజు కడిగిన మూడో రోజు పెద్దదాని మీసాలు లేచాయి. చిన్నది మాత్రం అడుగునే ఉండిపోయింది.

పదో రోజు అత్తమ్మ నల్లద్దాలతో ఆటో దిగి, ఇంట్లోకి రాకుండా నేరుగా హౌజు దగ్గరికి నడిచింది. చేయి పట్టుకుని జరిగిందంతా చెప్పాను, ఆడిన అబద్ధంతో సహా.

"నాకెర్కే. ఫోన్ల నీ గొంతు గట్ల చిన్నగైతే తెల్వదా?" అని గిన్నెతో తట్టింది. పెద్దది వచ్చింది. మళ్లీ తట్టింది. చాలాసేపటికి అడుగు నుంచి ఇంకో జత మీసాలు మెల్లగా లేచాయి.

"చిన్నది వచ్చిందా?"

"వచ్చింది అత్తమ్మా."

"ఈసారన్న నిజమేనా?" అని నవ్వి, జవాబు వినకుండానే నీళ్లలో చెయ్యి పెట్టింది.

ఇప్పుడు బుధవారం ఎంతమంది వచ్చినా ముద్ద ఒకటే. తలా ఓ మెతుకు తుంచి వేస్తాం.