మూత మీది పేరు

2006 ఏప్రిల్‌లో ఒక టెలివిజన్ సీరియల్ షెడ్యూల్ కోసం నన్ను గద్వాల పంపారు. అప్పటికి ప్రాపర్టీ ఇన్‌ఛార్జిగా నాకు పదకొండేళ్ల అనుభవం. నటులు వాడే వస్తువుల్ని మేం ప్రాపర్టీ అంటాం. వాటిని సంపాదించడం, కాపాడడం, తిరిగి అప్పగించడం నా పని. పైన కళాదర్శకుడికి జవాబు చెప్పుకోవాలి.

కథ ఎనభైల నాటిది. చేత పట్టుకుపోయే పాత టేప్‌రికార్డర్ కావాలి. వనపర్తి రిపేరు దుకాణాల్లో ఉన్నవన్నీ తర్వాతి కాలానివి. చివరికి ఇటిక్యాలలో ఏసమ్మ అనే కూలీ మనిషి దగ్గర దొరికింది. ఆమె భర్త ఏసన్న బొంబాయికి మట్టిపనికి పోయే గుంపుకు మేస్త్రీ. ఊళ్లోవాళ్ల మాటలు క్యాసెట్లో ఎక్కించుకుపోయి అక్కడివాళ్లకు వినిపించేవాడు, వాళ్ల జవాబులు పట్టుకొచ్చేవాడు. పనిచోట సామాన్లు కలిసిపోతాయని రికార్డరు రేకు మూత మీద మేకుతో చుక్కలు చుక్కలుగా తన పేరు తానే కొట్టుకున్నాడు. అతను అక్కడే చనిపోయాడు, అక్కడే పూడ్చారు. ఊరికి వచ్చింది ఈ పెట్టె ఒక్కటే.

“ఉన్న ఏడుపు సాలదని మీ సీరియల్‌కు ఇది గూడ కావాల్నా సారూ?” అని నవ్వుతూనే ఇచ్చింది. “పైలం. ఎట్ల ఇస్తున్ననో గట్లనే తేవాలె.”

అరువు వస్తువుకు చీటీ రాసివ్వడం మా పద్ధతి. దాని మీది గీతలు, సొట్టలు కూడా రాస్తాం. తిరిగిచ్చాక సంతకమో వేలిముద్రో వేయించుకుని చీటీ వెనక్కి తీసుకుంటాం. ఆమెకూ అలాగే రాసిచ్చాను.

మూడోరోజు మూత మీద క్లోజప్ పెట్టారు. పాత్ర పేరు వేరు, మూత మీద కనిపిస్తున్నది ఏసన్న పేరు. ఇలాంటప్పుడు అదే రంగు కాగితం అంటిస్తాం. దాని అంచు లైటుకు రెండుసార్లు మెరిసింది. యూనిట్ అంతా నాకోసం ఆగింది. ఆకురాయి తీసి పేరు గీకేసి రంగు కొట్టాను. అలా చేయమని ఎవరూ చెప్పలేదు. షాట్ ఓకే అయింది.

షెడ్యూల్ ముగిశాక గద్వాల బజారులో గిన్నెల దుకాణానికి వెళ్లి, మూత మీద అదే పేరు మిషన్‌తో కొట్టించాను. ఏసమ్మకు చదువు రాదు కదా అన్న లెక్క నాది.

ఆమె రికార్డరు అందుకుని మూత మీద బొటనవేలు ఒకసారి నడిపింది. ఇది ఆయన కొట్టింది కాదంది. మాసిపోతే దిద్దించామని అబద్ధం చెప్పాను. ఆమె లోపలికి పోయి నా చీటీ తెచ్చి చేతికిచ్చింది.

“నాకు సదువు రాదు గద. నువ్వే సదువు.”

చదివాను. ‘మూతపై మేకుతో కొట్టిన పేరు, ఏసన్న. ఉన్నది ఉన్నట్టు తిరిగి ఇవ్వబడును.’ రాత నాదే, సంతకం నాదే. అప్పుడు జరిగింది చెప్పాను. ఆమె తిట్టలేదు. రికార్డరును చీర ముక్కలో చుట్టుకుంది. అలవాటు కొద్దీ సిరా పెట్టె ముందుకు జరిపాను.

“నేను ముద్ర ఎయ్య సారూ. నేనిచ్చింది నాకు ముట్టలే.”

చీటీ కూడా నా చేతిలోంచి తీసుకుని తన దగ్గరే ఉంచుకుంది.

రిజిస్టర్లో తిరిగి అప్పగించిన గడి ఖాళీగా ఉంచి, కారణం నా చేత్తోనే రాసి కళాదర్శకుడికి చూపించాను. అంతవరకూ ఆ చీటీ మాకు రక్షణ అనుకునేవాణ్ణి. అది వస్తువు ఇచ్చినవాళ్లకు మేమిచ్చే మాట. ఆ తర్వాత అరువు వస్తువు షాట్‌కు కుదరకపోతే షాటే మార్చమని అడిగాను, కొన్నిసార్లు మాటలు పడ్డాను. 2014లో ఉద్యోగం విరమించి రిజిస్టర్లు అప్పగించినప్పుడు, నా పేరు మీద ముగియని వరుస అదొక్కటే.