మద్దిలేటి చింతపలక

నిన్న పొద్దున ఫోన్ మోగితే మద్దిలేటి నంబరు.

"ఏమప్పా, ఇంత పొద్దున్నే," అన్నాను.

అవతల ఏడుపు. మాట్లాడింది అతని బావమరిది. మద్దిలేటికి నిద్రలోనే గుండె ఆగిపోయిందట.

ఫోన్ కట్ అయ్యాక కూడా చెవి దగ్గరే పెట్టుకుని కూర్చున్నాను.

తెలియనివాళ్ల కోసం చెబుతాను. మద్దిలేటి పత్తికొండలో వడ్రంగి. మీసాలు రాని రోజుల నుంచి స్నేహం. మా ఇద్దరికీ కాలేజీ మొహం తెలియదు. నేను పాత పేపర్లు చదివి చెడిపోయాను, అతను యూట్యూబ్ చూసి చెడిపోయాడు.

అందులో చూసే ఇంటి వెనక సోలార్ కిల్న్ కట్టాడు. పచ్చి చెక్క ఆరబెట్టే గది. పైన ప్లాస్టిక్ షీటు, లోపల నల్లరంగు పూసిన రేకు, ఒక ఫ్యాను, గాలికి రెండు కంతలు. అంతే.

నేను ఊరుకుంటానా.

"పత్తికొండలో చెక్క ఎండేదానికి గది గావల్లనా? ఈడ మనుషులే ఎండిపోతాండారు."

"ఎండేదానికి గాదప్పా. బిరీన ఎండకుండా ఉండేదానికి. బయట పెడితే పైన ఎండి లోపల పచ్చిగా ఉంటాది, పగుల్తాది. దీంట్లో పగలు కాగుతాది, రాత్రి చెమ్మ పట్టి సర్దుకుంటాది."

పూర్వం చెక్క పగలకూడదని మానును కుంటలో నానేసేవాళ్లు. ఇప్పుడు కుంటల్లో నీళ్లెక్కడివి? అది వేరే కథ, వదిలేద్దాం.

అతని భార్య సుంకమ్మకు మోకాళ్లు అరిగిపోయాయి. కింద కూర్చోలేక నిలబడే తింటుంది. ఆమెకు ఒకే పలకతో భోజనాల బల్ల చేయాలని ఇతని పట్టు.

"నాలుగు చెక్కలు అతికించి చెయ్యరాదా?"

"ఆమెకు అతుకుల బల్లా?"

అందుకని మొదట బయట ఆరబెట్టిన వేప పలకలు రెండూ పగిలిపోయాయి. మిగిలింది వాళ్ల చేనిగట్టున గాలికి పడిన చింతమాను పలక ఒకటే, అది కిల్న్‌లో ఆరుతోంది. ఆ చేన్లో ఇంకో చెట్టు లేదు.

నిన్న మధ్యాహ్నానికి చేరుకున్నాను. జనం బాగా వచ్చారు, కుర్చీలు చాలలేదు. పెద్దవాళ్లు నిలబడి ఉన్నారని బావమరిది కిల్న్ తెరిచి, ఆ పలక తెచ్చి ఇటుకల మీద వేశాడు. నడి ఎండలో.

లోపల పెట్టించమని మెల్లగా చెప్పాను.

"మనిషే పాయె. మాను సంగతి ఎందుకప్పా ఇప్పుడు?"

తప్పేమీ అనలేదు. పొద్దున నుంచి నీళ్లు కూడా తాగకుండా తిరుగుతున్నాడు పాపం.

సాయంత్రం పాడె కడుతుంటే పలక టప్పుమంది. కూర్చున్నవాళ్లు లేచి చూశారు. చివర నుంచి నడిమిదాకా నెర్రె.

సుంకమ్మ శవం పక్క నుంచి తలెత్తింది.

"అది గూడా పాయెనా?"

ఆమె మళ్లీ తల వంచి, అతని మీద గుడ్డ సర్దింది.

కిల్న్‌లో మిరపకాయలు ఆరబెట్టుకోవచ్చని ఎవరో అంటున్నారు. నిజమే, ఆరుతాయి.

పోయిరాప్పా మద్దిలేటీ. నువ్వు పోయినచోట ఎండ మెల్లగా కాయాలి. నీ ప్రాణం నెమ్మదించాలి.