మూసి ఉన్న ట్యాపు

ముప్పై ఏళ్లుగా ఒక స్కూటరును మోస్తున్నాను. అది పాత ఇనుముకు పోయి చాలా కాలమైంది. బరువు మాత్రం నా దగ్గరే ఉండిపోయింది.

ముందే చెబుతున్నాను, భయపడినందుకు నేను తల దించుకోను. ఆ రోజుల్లో కోరుట్లలో అడవిలోని అన్నలకూ ఊళ్లోని పోలీసులకూ భయపడకుండా బతికినవాడు ఎవడైనా ఉంటే వచ్చి నన్ను అడగమనండి. నా తప్పు అది కాదు.

మా వీధి చివర లింబయ్య మగ్గం నేసేవాడు. అతని కొడుకు రాజేశం బడిలో నా దగ్గర చదువుకున్నవాడే, సిరిసిల్లలో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపేవాడు. ఇంటికి వచ్చినప్పుడు అన్నలెవరికో అన్నం పెట్టాడని పోలీసులు జీపులో పట్టుకుపోయారు. తెల్లవారగానే లింబయ్య నా గడపలో ఉన్నాడు. ఆ రోజు బందు, బస్సుల్లేవు. అతన్ని పెట్టిన ఠాణా బండి మీద పావుగంట దారి. పిల్లవాడు ఎలాంటివాడో సారు చెబితే వింటారని అతని ఆశ.

సరేనన్నాను. సీటు కింద పెట్రోలు ట్యాపు రాత్రి మూసిందే. పొద్దున తెరవలేదు. నేను చేసింది అంతే. కార్బొరేటర్‌లో మిగిలిన పెట్రోలుతో బండి వీధి మలుపు దాకా పోయి ఆగింది.

తర్వాత గంటసేపు నటించాను. కిక్కు కొట్టాను. బండిని పక్కకు వంచాను. ప్లగ్గు విప్పి గరుకు కాగితంతో రుద్దాను. అరవై ఏళ్ల మనిషితో, ఠాణాలో కొడుకున్న మనిషితో, ఆ బండిని బజారు పొడుగునా నెట్టించాను. ఎందుకు? రాలేనన్న ఒక్క మాట నోట రాక.

లింబయ్య ప్లగ్గు వాసన చూశాడు.

"పొడిగున్నది సారూ. పెట్రోలే వస్తలేదు."

"కచరా పడ్డట్టున్నది లింబన్నా. మెకానిక్ చూడాలె."

అతని చెయ్యి సీటు కింద ట్యాపు దాకా పోయింది. తాకింది. తిప్పలేదు. తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు.

"భయమైతున్నదని చెప్తె అయిపోతుండె గద సారూ. గీపాటికి సగం తొవ్వ నడుస్తుంటి."

నడిచే వెళ్లాడు. చేరేసరికి రాజేశాన్ని ఎటో పంపేశారు, కాసేపటి ముందే. ఇరవై రోజులకు తిరిగొచ్చాడు. అప్పటినుంచి అతని కుడిచేతి వేళ్లు సాంచా మీద తెగిన పోగును ముడివేయలేవు. నేను వెళ్లి చెప్పి ఉంటే? ఆ గంట వృథా చేయకుండా ఉంటే? నా మాట వినేవారో లేదో తెలియదు. ఆ తెలియకపోవడం వెనక దాక్కోను.

ట్యాపు సంగతి లింబయ్య తాను చనిపోయేదాకా ఎవరికీ చెప్పలేదు. కొడుక్కి కూడా. మొన్న జగిత్యాల బస్టాండులో రాజేశం కనిపించి, ఆ వేళ్లతోనే దండం పెట్టి, "ఆ దినం నీ బండి ఖరాబైందట గద సారూ, నాయన చెప్పిండు. నువ్వేం జేస్తవు," అన్నాడు. తల ఊపాను. ఈ వయసులో, మళ్లీ.

కాలం అలాంటిదని నన్ను ఓదార్చకండి. ట్యాపు మీద ఉన్నది కాలం చెయ్యి కాదు. క్షమించమనీ అడగను. ఇన్నేళ్లూ గొంతులో ఆగిన మాట ఒక్కటే, అది బయటికి వస్తే చాలు.

బండికి ఏమీ కాలేదు, రాజేశం.