రిసార్టులో మూడాకులు

ఇద్దరు పసిపిల్లలకి ఒక్కపూట అన్నం పెట్టడం నాకో లెక్కా అన్నాను మా అమ్మాయితో. సీలేరులో పన్నెండేళ్ళు ఉద్యోగం వెలగబెట్టినవాణ్ణి, డొంకరాయి డ్యామ్ దగ్గరుండి కట్టించినవాణ్ణి, గూడెం కొత్తవీధి నుంచి అరకు దాకా ఏ ఊళ్ళో ఏ పొయ్యిమీద ఏం ఉడుకుతోందో గాలి పీల్చి చెప్పగలవాణ్ణి, నన్నా నువ్వు అనుమానించడం అన్నాను.

కాగితం మీద పెడుతున్నాను కనక ఇప్పుడు నిజం చెప్పేస్తాను. సీలేరులో నేనున్నది పన్నెండేళ్ళు కాదు, ఏడు. నేను వెళ్ళేసరికే డొంకరాయి డ్యామ్ నిండా నీళ్ళు నింపుకుని, నా అవసరం ఏమాత్రం లేకుండా తన పని తాను చేసుకుపోతోంది. నేను స్టోరు గుమాస్తాని. తాళాలగుత్తి నా నడుముకి వేలాడేది, అంతే. ఇక అరకు విషయానికొస్తే, ఈ కథకి ముందు రెండేసార్లు వెళ్ళాను. రెండుసార్లూ స్టేషన్లో దిగి, కాఫీ తాగి, చలికి వణికి, సాయంత్రం రైలుకి ఇంటికెళ్ళిపోయాను.

అమ్మాయి అనుమానానికి కారణం ఉంది. అంతకుముందు దసరా సెలవుల్లో పిల్లలిద్దరినీ రెండురోజులు మా ఇంట్లో వదిలి వెళ్ళింది. మా ఆవిడ ఎవరిదో పెళ్ళికని పొరుగూరు వెళ్ళిన పూట వాళ్ళ తిండి బాధ్యత నా మీద పడింది. బిస్కెట్లూ జీడిపప్పూ పెట్టాను. చిన్నాడికి మూడురోజులు కడుపు బాగోలేదు. అప్పటినుంచి వేసవికి పిల్లల్ని మా ఇంటికి పంపే మాట ఎత్తితే చాలు, "చూద్దాంలే నాన్నా" అంటోంది. ఆడపిల్ల "చూద్దాంలే" అంటే వాళ్ళ అత్తగారింటికి పంపుతుందని అర్థం. వియ్యపురాలు వంటలో దిట్ట. ఆవిడతో నేను పోటీపడలేను.

రెండువేల సంవత్సరం దాటిన నాలుగైదేళ్ళకి, ఓ డిసెంబరులో, అల్లుడుగారి ఆఫీసువాళ్ళంతా కుటుంబాలతో అరకులో రిసార్టుకి వెళ్ళారు. మోకాళ్ళ నొప్పులని మా ఆవిడ రాలేదు. పిల్లల్ని పట్టుకోవడానికి నన్ను తీసుకెళ్ళారు. రెండోరోజు ఉదయం తొమ్మిదిన్నర నుంచి మధ్యాహ్నం ఒకటిన్నర దాకా మీటింగు. భార్యాభర్తలిద్దరూ హాల్లో ఉండాలి, కుర్చీలాటలు కూడా ఉన్నాయిట.

హాల్లోకి వెళ్ళబోతూ అమ్మాయి నన్ను పక్కకి పిలిచింది. "నాన్నా, నిన్న సాయంత్రం నుంచి ఇద్దరూ సరిగ్గా తినలేదు. నేనొచ్చేలోపు కడుపునిండా అన్నం పెట్టు. చిప్స్ కాదు, ఐస్‌క్రీమ్ కాదు. అన్నం. పెట్టావంటే వేసవికి నెలరోజులూ మీ దగ్గరే వదిలేస్తాను."

"పెట్టకపోతే?"

"చూద్దాంలే నాన్నా."

ఇదీ నా పరిస్థితి. నెలరోజులు మనవలు నా దగ్గరుండటం ఒక్కపూట అన్నం మీద వేలాడుతోంది.

ఆ రిసార్టు గురించి చెప్పాలి. అదంతా 'గిరిజన గ్రామం' అనే ఊహ మీద కట్టారు. గేటు దగ్గర సిమెంటు ఆడవాళ్ళు నడుములు పట్టుకుని నాట్యం చేస్తూ ఉంటారు. పిల్లల పార్కులో సిమెంటు అడవిదున్న నోట్లోంచి జారుడుబల్ల దిగుతుంది. మేమున్న గుడిసెకి పైన గడ్డి, లోపల ఏసీ. డిసెంబరు అరకులో ఏసీ! దాన్ని ఆపడం తెలియక రాత్రంతా స్వెట్టర్లు వేసుకుని పడుకున్నాం. హోటలు మాత్రం గుహ. పైనుంచి సిమెంటు ఊడలు వేలాడుతూ, మధ్యాహ్నం కూడా మెనూ కనపడనంత చీకటి. అందులో వడ్డించేవాళ్ళు నెత్తిన ఈకల కిరీటాలు పెట్టుకుంటారు. వాళ్ళంతా కింద మైదానం నుంచి వచ్చినవాళ్ళే. కొండమీద పుట్టిపెరిగిన ఆడవాళ్ళు ఈకలూ గీకలూ లేకుండా వెనకవైపు ఆకులు ఊడ్చుకుంటూ, గదులు తుడుచుకుంటూ ఉంటారు.

ఆ వెనకవైపుకే నేను ఆ పొద్దున్న ఏడింటికి పిల్లల్ని తిప్పడానికి తీసుకెళ్ళాను. వంటగది వెనక ఒక రేకుల షెడ్డు, మూడురాళ్ళ పొయ్యి, పక్కన ఒక బల్లపరుపు రాయి. ఆ రాయి కింద సగం బయటికి కనిపించేలా విస్తళ్ళు దోపి ఉన్నాయి. అడ్డాకులతో కుట్టినవి. చూడగానే నా ఛాతీ పొంగింది. ఇది నాకు తెలుసు! సీలేరులో కూలిజనం ఇలాగే చేసేవారు. పనికి రాగానే ఎవరి విస్తరి వాళ్ళు రాయి కింద పెట్టి వెళ్ళేవారు. వండే మనిషి విస్తళ్ళు చూసుకుని అంతమందికీ బియ్యం పోసేది.

"తాతా, ఏంటవి?" అంది మనవరాలు. దానికి ఐదున్నరేళ్ళు. ఏదీ మరిచిపోదు.

"ఆకు వేస్తే అన్నం వస్తుంది. ఇది కొండమీద రహస్యం. సీలేరులో నేను వేయని రోజు లేదు" అన్నాను.

ఇది కూడా అబద్ధం. సీలేరులో నేనొక్కనాడూ ఆకు వేయలేదు. మా ఆవిడ క్యారియర్ పంపేది. స్టోరు కిటికీలోంచి చూసేవాణ్ణి, అంతే. కానీ మనవరాలి కళ్ళు అంత పెద్దవైతే ఏ తాతైనా ఏం చేస్తాడు? షెడ్డు దూలానికి వేలాడదీసిన కట్టలోంచి మూడు విస్తళ్ళు లాగి, నాకొకటి, దానికొకటి, రెండున్నరేళ్ళ చిన్నాడికొకటి రాయి కింద దోపేశాను. చుట్టుపక్కల ఎవరూ కనిపించలేదు. ఆట ముగిసింది. వచ్చేశాం.

తొమ్మిదింటికి టిఫిను. ఇడ్లీలు అల్లుడుగారి ఆఫీసు జనం ఎనిమిదిన్నరకే ఊడ్చేశారు. ఉప్మా ఉంది. అందులో మిరియాలు అడుగడుక్కీ తగులుతున్నాయి. చిన్నాడు ఒకటి కొరికి, నాలుక బయటపెట్టి, ఆ నాలుకని నా చొక్కాకి తుడుచుకున్నాడు. పెద్దది చెంచాతో ఉప్మాలో గోతులు తవ్వింది.

పదకొండింటికి పార్కులో దున్న నోట్లోంచి పదిసార్లు జారాక ఇద్దరూ ఏడుపు మొదలెట్టారు. గుహలోకి తీసుకెళ్ళాను. ఈకల కిరీటం కింద తెల్లమీసాలున్న ఒకాయన వచ్చాడు.

"ఏటి కావాలి బాబూ?"

"అన్నం, పప్పు. పిల్లలకి. కారం లేకుండా."

"పప్పన్నం మెనూలో నేదు బాబూ. దాల్ తడ్కా ఉంది, జీరా రైస్ ఉంది, జంగిల్ నూడుల్స్ ఉంది, ట్రైబల్ పిజ్జా ఉంది."

"ఒట్టి అన్నం లేదా?"

"ఉంది. బఫేలో. బఫే ఒంటిగంటన్నరకి. మీటింగోళ్ళొచ్చాకే మూతలు తీత్తాం."

"వండేసుంటుంది కదయ్యా. ఒక గరిటెడు పట్రా."

ఆయన వంగి, ఈకలు నా ముక్కుకి తగిలేలా, గుసగుసగా అన్నాడు. "వండినారు బాబూ. నేను కళ్ళారా సూసినాను. కానీ మూత నేను తీసినానంటే ఈ కిరీటం నా నెత్తిమీదుండదు."

"ఉండకపోతే మంచిదేగా?"

"నిజమే గానీ, జీతం కూడా ఉండదు గదా!"

నూడుల్స్ చెప్పాను, కారం లేకుండా అని మూడుసార్లు చెప్పాను. ముప్పావుగంట తర్వాత వచ్చాయి, ఎర్రగా, పొగలుకక్కుతూ. పెద్దది ఒక్క పోగు నోట్లో పెట్టుకుని మంచినీళ్ళ సీసా మొత్తం తాగేసింది. చిన్నాడు తినలేదు, పోగులు నా చెవికి వేలాడదీశాడు.

"తాతా, ఆకలి" అంది పెద్దది. దాని గొంతు సన్నబడింది. ఆ గొంతు వినగానే నాకు వియ్యపురాలి వంటిల్లు కనిపించింది. నెలరోజులూ ఆవిడ పెరట్లో నా మనవలు పరిగెత్తడం కనిపించింది.

"మనం పొద్దున ఆకులు వేశాం కదా? అన్నం వచ్చుంటుంది" అంది మళ్ళీ.

"అది ఆటమ్మా."

"రహస్యం అన్నావుగా?"

రిసెప్షన్లో బతిమాలదామని లేచాను. అక్కడ కౌంటరు వెనకున్న అమ్మాయి చిప్స్ ప్యాకెట్టు చూపించి నవ్వింది. అప్పటికి పన్నెండున్నర. సరే, గెలిచే దారి లేనప్పుడు అబద్ధం తయారు చేసుకోవాలి కదా. చిప్స్ పెట్టి, బఫేలో తిన్నారని అమ్మాయితో చెబుదామని జేబులో చెయ్యి పెట్టాను.

సరిగ్గా అప్పుడే గుమ్మంలో ఒకావిడ కనిపించింది. నలభై ఏళ్ళుంటాయి. ముక్కుకి రెండువైపులా ముక్కుపుడకలు, నడుముకి దోపిన చీపురు, చేతిలో మూడు విస్తళ్ళు. నన్నూ పిల్లల్నీ ఎగాదిగా చూసింది.

"ఈ మూడాకులూ నువ్వేనా ఏసినావు?"

"అంటే... పిల్లలు..."

"తాతే వేశాడు" అంది మనవరాలు.

"ఆకేసి ఎటెల్లిపోనావు బాబూ! తోటపని అతను సెప్పకపోతే నాకు తెలిసుండేదే కాదు, ముసిలాయన ఇద్దరు పిల్లల్ని ఏసుకుని తిరిగినాడని. పదకొండు మందిమి అరగంట నుంచి కూకున్నాం. కూడు సల్లారిపోతంది."

"నా కోసం ఆగడమెందుకమ్మా? మీరు తినేయవలసింది."

ఆవిడ నన్ను వెర్రివాణ్ణి చూసినట్టు చూసింది. "ఆకేసిన మనిసి రాకుండా గంటె ముంచుతామేటి? ఎవులైనా అలా సేత్తారా? బేగి రండి!"

ఏడేళ్ళపాటు కిటికీలోంచి చూసినవాడికి తెలిసింది సగమే. ఆకు వేస్తే బియ్యం పడతాయని తెలుసు. ఆకు వేయడమంటే వస్తానని అందరికీ మాటివ్వడమనీ, ఆ మనిషి వచ్చేదాకా మిగిలినవాళ్ళు ఆకలితో కూర్చుంటారనీ, కిటికీలోంచి కనపడలేదు. బహుశా కనిపించే ఉంటుంది. నేను క్యారియర్ విప్పుకుంటూ ఉండి ఉంటాను.

షెడ్డులో పదిమంది ఆడవాళ్ళు గుండ్రంగా కూర్చుని ఉన్నారు. ముందు ఖాళీ విస్తళ్ళు. పొద్దున్న నాలుగింటికి లేచి, కొండ దిగి నడిచివచ్చి, అన్ని గదులూ తుడిచినవాళ్ళు. నన్ను చూసి ఎవరూ కోప్పడలేదు. ఒక ముసలావిడ మాత్రం పక్కనావిడతో వాళ్ళ భాషలో ఏదో అంది. అందరూ పడీపడీ నవ్వారు.

"ఏమంటోంది?" అన్నాను, సీలేరు మనిషికి ఆ భాష కూడా వచ్చని అమ్మాయితో చెప్పినవాణ్ణి.

చీపురావిడ చెప్పింది. "పెద్ద ఆపీసరు లాగున్నాడు, అన్నానికి కూడా లేటుగా వత్తన్నాడు అంటంది."

కుండ మూత తీశారు. కొండవరి అన్నం, కొంచెం ఎర్రటిది. కందిపప్పు, అందులో ఉప్పూ ఆ కొండల పసుపూ తప్ప ఇంకేమీ లేదు. పెద్దవాళ్ళకి కాల్చిన ఎండుచేప. మొదటి గంటె నా మనవడి ఆకులో పడింది. చీపురావిడ వాణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని, "తిను, గుంటడా" అంటూ పప్పన్నం మెత్తగా పిసికి నోట్లో పెట్టింది. నాలుక బయటికి రాలేదు. రెండో ముద్దకి నోరు తనే తెరిచాడు. మూడో ముద్దకి ఆవిడ చెయ్యి పట్టుకుని లాక్కున్నాడు. పెద్దది ఎవరూ పెట్టకుండానే, మోచేతి దాకా పసుపు చేసుకుని, మారు అడిగింది.

నేను కూడా తిన్నాను. నా సంగతి చెప్పను, సిగ్గు.

ఒకటిన్నర దాటాక అమ్మాయి హాల్లోంచి పరుగెత్తుకొచ్చింది. పిల్లల పొట్టలు చూసింది. నా నోరు అలవాటు ప్రకారం తెరుచుకుంది. "షెఫ్‌ని పిలిపించి, దగ్గరుండి వండించానమ్మా. నా పేరు చెప్పగానే..."

"అమ్మా, తాతని తిట్టారు" అంది మనవరాలు. "తాత ఆకేసి మరిచిపోయాడు. అందరూ ఆకలితో కూర్చున్నారు. కూడు సల్లారిపోయింది."

ఇంక దాచేది లేకపోయింది. మొత్తం చెప్పేశాను. ఆటకి ఆకులు వేయడం, చిప్స్ కోసం జేబులో చెయ్యి పెట్టడం, సీలేరులో ఏడేళ్ళే ఉండటం, ఒక్కనాడూ ఆకు వేయకపోవడం, అన్నీ. అమ్మాయి ముందు వెళ్ళి ఆ చీపురావిడ చేతులు పట్టుకుని ఏదో మాట్లాడి వచ్చింది. తర్వాత నావైపు తిరిగింది.

"పంపుతాన్లే" అంది.

"నిజంగానా? నేనేం చేశానని?"

"నువ్వేం చేయలేదు. కానీ మొదటిసారి అడక్కుండానే నిజం చెప్పావు." కాస్త ఆగి, "సగం అడిగాకలే" అని సరిదిద్దింది.

వేసవిలో పిల్లలొచ్చారు. మొదటిరోజు పొద్దున్నే మనవరాలు వంటింటి గట్టు మీద నాలుగు స్టీలు కంచాలు పేర్చి పెట్టింది. నేను చూసి నవ్వుకుంటూ వీధి చివర కాఫీ కొట్టుకి వెళ్ళాను. అక్కడ నలుగురు పాత మిత్రులకి అరకు కథ చెబుతున్నాను. కథలో అప్పటికి ఆ పదకొండు మంది ఆడవాళ్ళు నలభైమంది అయ్యారు. ఎండుచేప అడవిపంది అయింది. ఇంటికొచ్చేసరికి రెండు.

వంటింట్లో ముగ్గురూ కింద కూర్చుని ఉన్నారు. ముందు ఖాళీ కంచాలు. చిన్నాడి కళ్ళు తడిగా ఉన్నాయి. మా ఆవిడ గరిటె ఒళ్ళో పెట్టుకుని నన్ను కాల్చేసేట్టు చూసింది.

"గరిటె ముట్టనివ్వడం లేదు మీ మనవరాలు. ఆకేసిన మనిషి రాలేదట."

నేను నోరు తెరిచాను, ఏదో ఒక కారణం చెబుదామని. మనవరాలు నా ఖాళీ కంచం మీద చెయ్యి వేసి తట్టింది.

"ఏటి తాతా! బేగి కూకో."