కేక దాటని మెట్లు

మా తోడికోడలిని ఆఫీసులో అందరూ రేడియో అనేవారు. నాకన్నా వయసులో చాలా చిన్నది, మాటల్లో మాత్రం నాకు అందనంత పెద్దది. పిల్లలు కాస్త ఎదిగాక కంప్యూటర్ల పని నేర్చుకుని, నేను ప్రూఫులు దిద్దే పిల్లల పుస్తకాల ఆఫీసులోనే చేరింది. ఇంట్లో వంటగది, ఆఫీసులో మెట్లదారి మా ఇద్దరికీ ఉమ్మడి.

తను చేరిన కొత్తలోనే ఆఫీసు పై అంతస్తుకు పాకింది. బొమ్మలు వేసేవాళ్ళు పైకి వెళ్ళారు, వాటిని అక్షరాలతో కలిపి పేజీలు కట్టేవాళ్ళు కింద ఉండిపోయారు. రెండు అంతస్తుల నెట్‌వర్కులనూ విడదీసి మధ్యలో రూటర్ పెట్టింది తనే. మర్నాడు చూస్తే కింది కంప్యూటర్ల లిస్టులో పైవాటి పేర్లు మాయం. జనం పెన్ డ్రైవులు పట్టుకుని మెట్లెక్కి దిగడం మొదలెట్టారు. ఏది పాత బొమ్మో ఏది కొత్త బొమ్మో తెలియక, ఒంటె కింద “నేను చెరువులో గెంతుతాను” అని అచ్చయి కూర్చుంది.

మేనేజరుగారు అరిచే మనిషి కాదు. ఆ పొద్దున ఒంటె పేజీ చూసి, సాయంత్రం ప్రెస్సు బండి వచ్చేలోగా పై బొమ్మలు కింద తెరుచుకోకపోతే, రేపటి నుంచి కంప్యూటర్ల పని బయటివాళ్ళు చూసుకుంటారని మెత్తగా చెప్పి వెళ్ళారు. ఇన్నేళ్ళకి తనకంటూ ఒక కుర్చీ సంపాదించుకున్న మనిషికి అది చిన్న మాట కాదు.  

రేడియో లేచి వైర్లు మార్చింది. నెట్‌వర్కులో కనిపించమని చెప్పే సెట్టింగును ఆపింది, పెట్టింది, మళ్ళీ ఆపింది. ఫలితం సున్నా. ఆ భవనంలో ఫోన్లు సరిగా పలకవు కనుక, పై మాట కిందికీ కింది మాట పైకీ అందించమని నన్ను మెట్ల మధ్యలో నిలబెట్టింది. పక్కవాళ్ళకు వినపడేలా తుమ్మడానికే మొహమాటపడే నేను, భోజనాల వేళకి సంతలో బేరగత్తెలా తయారయ్యాను.

మధ్యాహ్నం తను గబగబా దిగొచ్చి నా భుజాలు పట్టుకుంది.

“అక్కా, నేనెంత మొద్దునో చూడు. ‘ఎవరెవరున్నారు’ అని కంప్యూటరు కేకేస్తుంది. ఆ కేక దాని అంతస్తులోనే వినపడుతుంది, రూటర్ దాటనివ్వదు. చిరునామా చెప్పి నేరుగా వెళ్తే మాత్రం వదులుతుంది. పొద్దుట్నుంచీ ఆ లిస్టు పట్టుకుని వేలాడుతున్నా.”

చిరునామా అంకెలు కొట్టి చూస్తే రూటర్ వదిలింది కానీ, పై కంప్యూటరు తలుపేసుకుంది. దానికి కాపలా కాసే ఫైర్‌వాల్ సొంత అంతస్తు వాళ్ళకే ఫైళ్ళిస్తోందట. కింది అంతస్తు వాళ్ళకూ ఇమ్మని చెప్పడానికి మళ్ళీ పైకి పరిగెత్తింది. పరీక్షకని ఫోల్డర్లో ఒక ఫైలు రాసి పెట్టి, తెరిచి చూడమని నాకు కేకేసింది. నేను కిందికి కేకేశాను.

పేజీలు కట్టే అబ్బాయి టీకి వెళ్ళాడు. ఆ కుర్చీలో మేనేజరుగారు కూర్చున్నారని మా ఇద్దరికీ తెలియదు. ఆయన నన్ను కిందికి పిలిచి తెర చూపించారు. ఫైల్లో తను రాసింది ఒకే ఒక్క వాక్యం:

“మన సారు మీసం ఎడమవైపు కాస్త పొడుగు.”

ఆయన వేలితో ఎడమవైపు తడుముకున్నారు.

“ఇది పైనుంచే వచ్చిందా?”

“వచ్చిందండీ.”

“బొమ్మలూ ఇలాగే వస్తాయా?”

వస్తాయన్నాను. నవ్వు ఆపుకోలేక మెట్ల దగ్గరికి పారిపోయి, ఫైలు తెరుచుకుందనీ, చదివింది సారేననీ పైకి చెప్పాను.  చాలాసేపటికి తను పిల్లిలా దిగొచ్చింది. ఆయన మీసం ఊసెత్తలేదు. లిస్టులో పైవాటి పేర్లు ఇంకా లేవేమిటని మాత్రం అడిగారు. అవి అక్కడ రావని నచ్చజెప్పి, పై ఫోల్డరుకు ప్రతి తెరమీదా ఒక షార్ట్‌కట్ పెట్టింది. బండి వచ్చేసరికి బొమ్మలన్నీ పేజీల్లో ఉన్నాయి.

మేం సంచులు సర్దుకుంటుంటే ఆయన తలుపు దగ్గర ఆగారు.

“రేపు కాస్త పెందలాడే రామ్మా. పై ప్రింటరు కూడా కింద ఎవరికీ కనపడదట.”

వీధి మలుపు తిరిగేదాకా ఇద్దరం నవ్వు బిగబట్టుకున్నాం. తిరిగాక ఎవరిదో ప్రహరీగోడ పట్టుకుని నిలబడిపోయాం. పొద్దుట్నుంచీ కేకలేసి నా గొంతు పూర్తిగా పోయింది. నా వంతు కూడా తనే నవ్వింది.