మా బాపమ్మను ‘ఓస్’ అన్న మనిషి

ఆ రోజుల్లో మా జనగామలో ఒక ఆడపిల్ల పొద్దున్నే తెల్లబట్టలు తొడుక్కుని వీధిలో నడిస్తే, పాలు పోసే ఆయన సైకిల్ ఆపి ‘నర్సు ట్రైనింగా బిడ్డా?’ అని అడిగేవాడు. కాదు, కరాటే అని చెబితే ఆ సైకిల్ ఇంకాస్త వేగంగా పోయేది. ఇప్పుడు వీధికో కరాటే బోర్డు వెలిసి, అమ్మలే స్కూటీల మీద పిల్లల్ని దింపిపోతున్నారు కాబట్టి నా మాట వింతగా ఉంటుంది. నేను తొమ్మిదో తరగతిలో కరాటేలో చేరడం వెనక గొప్ప ఆశయమేదీ లేదు. మాది బజారులో కిరాణా దుకాణం. పొద్దున్నే కందిపప్పులో రాళ్లు ఏరే పని నా వంతు. సరిగ్గా ఆ వేళకే బడి మైదానంలో కరాటే క్లాసు. రాళ్లకంటే గుద్దులే నయమనిపించింది. (గుద్దులు తిన్నాక అభిప్రాయం మార్చుకున్నాను గానీ, అప్పటికే డ్రెస్ కుట్టించేశారు.)

ఆ డ్రెస్ కుట్టిన మనిషి గురించే ఇదంతా. ఊరు ఆయన్ని దర్జీ అనేది, పిల్లలం దర్జీ బాపు అనేవాళ్లం. క్లాసు పెట్టిన కొత్తలో మొదటి మాస్టర్ డజను కరాటే డ్రెస్సులు కుట్టమని బట్ట ఇచ్చాడట. గుద్దినప్పుడు చంకలో కుట్టు ఎందుకు పిగులుతుందో చూద్దామని దర్జీ బాపు ఒక డ్రెస్ తానే తొడుక్కుని మైదానానికి వచ్చి, గాలిలోకి ఒక గుద్దు గుద్ది చూశాడట. కుట్టు పిగల్లేదు. ఆ మర్నాడు కూడా వచ్చాడు. నేను చేరేనాటికి ఆయనకు యాభై దాటాయి, మాస్టర్లు ముగ్గురు మారారు, చివరి వరసలో ఆయన నిలబడే చోటు మాత్రం మారలేదు. నడుముకు వెలిసిపోయిన గోధుమరంగు బెల్టు. నల్ల బెల్టు పరీక్షకు పొమ్మంటే ‘మోకాలు వంగుత లేదు, వంగినంక పోత’ అనేవాడు. అందరికంటే ముందొచ్చి మా కాళ్లకు గుచ్చుకోకుండా మైదానంలో గాజుపెంకులు, రాళ్లు ఏరేవాడు. (నేను ఇంట్లో ఎగ్గొట్టి వచ్చిన పనే ఆయన ఇక్కడ కోరి చేసేవాడన్నమాట.) జనగామ పిల్లలు కాళ్లు ఎంత పైకి లేపినా ఎవరి పరువూ పోలేదంటే, లాగుల్లో ఆయన వేసిన రెండు వరసల కుట్టే కారణం. ఎదిగే పిల్లలు కదా అని చేతుల దగ్గర నాలుగు వేళ్ల బట్ట లోపలికి మడిచి కుట్టేవాడు. నాకూ మడిచి, ‘పెరుగుతవ్ బిడ్డా, అప్పుడు ఇప్పుదం’ అన్నాడు.

కరాటేలో మొదటిరోజు నేర్పేది గుద్దు కాదు, ఒక మాట. పెద్దవాళ్లు ఏం చెప్పినా కాళ్లు దగ్గర పెట్టి, నడుము వంచి, ‘ఓస్’ అనాలి. విన్నాను, ఒప్పుకున్నాను, దండం, ఇవన్నీ ఆ ఒక్క ముక్కలోనే. జపానులో ఎట్లా వినిపిస్తుందో గానీ, తెలుగులో ‘ఓస్’ అంటే ఏమిటో మీకు వేరే చెప్పక్కర్లేదు. ‘యాభై బస్కీలు తియ్యండి’ అని మాస్టర్ అనగానే అందరం ‘ఓస్’ అంటుంటే, యాభయ్యేనా అని వెక్కిరించినట్టే ఉండేది. వారం రోజులు నవ్వు ఆపుకోలేక చచ్చాం. తర్వాత అలవాటైపోయి, ఆ మాటకు మన భాషలో ఇంకో అర్థం ఉందన్న సంగతే మరిచిపోయాం. నా కొంప ముంచింది ఆ మరుపే.

పదో తరగతికి వచ్చిన ఏడాది మానుకోటలో (కాగితాల మీద మహబూబాబాద్ అంటారు) ఆడపిల్లల కరాటే పోటీలు పెట్టారు. మా క్లాసు నుంచి నన్ను ఎంపిక చేశారు. నాలో గొప్పేమీ లేదు, అందరికంటే గట్టిగా అరుస్తానని మాస్టర్ నమ్మకం. జీవితంలో మొదటిసారి నన్నొకరు దేనికో ఎంచుకున్నారు. పోవాలి, పోకపోతే చచ్చిపోతాను అన్నంత ఆశ. కానీ మా ఇంట్లో గడప దాటాలంటే బాపమ్మ ఊఁ అనాలి. బాపమ్మ అంటే మా నాయిన తల్లి, మా దుకాణంలో గల్లా దగ్గర కూచునే అధికారి. ‘ముక్కు పగులగొట్టుకొని వస్తె రేపు ఎవడు చేసుకుంటడు’ అని ఒక్కమాటలో తేల్చేసింది. నాయిన యథాప్రకారం చక్కెర బస్తాల వెనక్కి వెళ్లిపోయాడు. ఊరికి కొత్తవాడైన మాస్టర్, ‘మీ బాపమ్మతోటి నాతోని గాదు’ అని చేతులెత్తేశాడు. మిగిలింది దర్జీ బాపు ఒక్కడే. బాపమ్మ రవికలు ముప్పయ్యేళ్లుగా కుడుతున్నవాడు, ఆమె మాటంటే భయమూ గౌరవమూ ఉన్నవాడు.

ఆయనే వస్తానన్నాడు. ఊరుకుంటే సరిపోయేది. నేనే తెలివి చూపించి, ‘బాపూ, మా బాపమ్మకు మర్యాద ముఖ్యం. దుకాణంల మాట్లాడినట్టు గాదు, మాస్టర్‌తోటి ఎట్ల మాట్లాడుతవో గట్ల మాట్లాడు’ అని చెప్పాను. ఆయన బుద్ధిగా తలూపాడు.

ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. బాపమ్మ అడకత్తెరతో వక్కలు కత్తిరిస్తూ, ‘ఏం దర్జీ, పిల్లను మానుకోటకు తోలుకపోతవట?’ అంది.

దర్జీ బాపు కాళ్లు దగ్గర పెట్టి, నడుము వంచి, ‘ఓస్’ అన్నాడు.

అడకత్తెర ఆగింది. ‘రైలుల పోవాలె. గంటలకొద్ది. ఎరుకేనా?’

‘ఓస్.’

‘ఆ ఊరి పిల్లలు మోటుగ కొడతరట.’

‘ఓస్.’

‘మా ఇంట్ల గిది ఒక్కతే ఆడపిల్ల.’

ఇది అన్నిటికంటే పెద్దమాట అని ఆయనకు తోచింది కాబోలు, తల మోకాళ్లకు తగిలేంత వంగి, గుండెల్లోంచి తీసి, ‘ఓస్’ అన్నాడు.

బాపమ్మ ముఖం ఎర్రబడింది. ‘నా మనుమరాలు నీకు ఓస్ లెక్కనా? రవికలు కుట్టేటోనివి, నన్ను పట్టుకొని ఓస్ అంటవా? నడువు బయటికి’ అంది. ఏం తప్పు జరిగిందో అర్థంకాని ఆ పెద్దమనిషి, బయటికి నడవమన్నది కూడా పెద్దవాళ్ల ఆజ్ఞే కదా, వంగి ‘ఓస్’ అనే వెళ్లాడు. నేను తలుపు చాటున నోట్లో ఓణీ కుక్కుకున్నాను. నవ్వో ఏడుపో నాకే తెలియలేదు గానీ, మానుకోట పోయిందని మాత్రం తెలిసింది. గంటలో బాపమ్మ, కుట్టమని ఇచ్చిన ఆకుపచ్చ రవిక బట్ట వాపసు తెప్పించింది. సాయంత్రానికి, దర్జీకి పొగరెక్కిందని బజారంతా పాకింది. ఎన్నడూ ఎవరినీ పల్లెత్తు మాట అనని మనిషికి నా మూలాన ఆ పేరు వచ్చింది. నిజం చెప్పాలని రెండుసార్లు బాపమ్మ దగ్గరికి పోయాను, ‘కరాటే పేరెత్తితే కాళ్లు ఇరగ్గొడత’ అనగానే తిరిగి వచ్చాను. నా ధైర్యం అంత.

మర్నాడు పొద్దున బాపమ్మే మైదానానికి బయలుదేరింది, మాస్టర్‌ను కడిగేసి నా పేరు కొట్టించేద్దామని. వెనకాల నేను. అప్పటికే బస్కీలు అయిపోయి, ఒకరు నిలబడిన తీరు ఇంకొకరు సరిదిద్దుతున్నారు. దర్జీ బాపు ముందు రెండో తరగతి పోరి ఒకతి, నడుము మీద చేతులు పెట్టుకుని, ‘మోకాలు ఇంక వంచాలె, గట్ల గాదు’ అని గద్దిస్తోంది. ఆయన కాళ్లు దగ్గర పెట్టి, ఆ పోరి ముందు నడుము వంచి, ‘ఓస్’ అన్నాడు. నిన్న బాపమ్మ ముందు వంగినంతే వంగాడు, ఇంచు తేడా లేదు.

బాపమ్మ ఆగిపోయింది. ‘గా పోరి ఏమన్నదని ఓస్ అంటున్నవ్ దర్జీ?’

‘మోకాలు వంగలేదన్నదమ్మా. నిజమే చెప్పింది. గందుకే దండం పెట్టిన.’

‘ఓస్ అంటె దండమా?’

‘మా తాన గంతేనమ్మా.’

‘మరి నిన్న చెప్పొద్దా నాకు?’

‘మీరు మాట్లాడుతుంటె నడుమ నేనెట్ల మాట్లాడుత. ఓస్ అంటె వినుడు గూడనమ్మా.’

బాపమ్మ క్లాసు అయ్యేదాకా మైదానం పక్క బల్ల మీద కూచుని, ఎన్ని ఓస్‌లు వినపడ్డాయో అన్నీ విన్నది. లేచేటప్పుడు, ‘పిల్లను తీస్కపో. ముక్కుకు ఏమన్నయితె పూచీ నీది’ అంది. ఆయన ఏమన్నాడో మీకు తెలుసు.

మానుకోటలో నా ఆట ఎంతసేపు సాగిందంటే, దర్జీ బాపు నా చెప్పులు సర్ది తలెత్తేలోగా అయిపోయింది. ఎదురు నిలబడ్డది నర్సింహులపేట పిల్ల. నాట్లేసిన చేతులు, నాకంటే జానెడు పొడుగు. నేను పెరిగినదానిలా కనపడాలని ముందురోజు చేతుల మడత నేనే చాటుగా విప్పుకున్నాను. (ఆయన కుట్టు తనంతట తాను పిగలదు, ఆ మాట ఎక్కడైనా చెబుతాను.) గట్టిగా అరిచి గుద్దాను. డ్రెస్ చెయ్యి జారి పిడికిలిని మింగేసింది. నా పిడికిలి ఎటు పోయిందా అని నేను చూసుకుంటున్నప్పుడు ఆ పిల్ల పిడికిలి నా ముక్కు దగ్గరికి వచ్చింది.

తిరుగు ప్యాసింజర్‌లో నేను ముక్కులో దూది పెట్టుకుని కూచున్నాను. దర్జీ బాపు కాలరులో గుచ్చుకున్న సూది తీసి, సంచిలో మిగిలిన ఆకుపచ్చ దారంతో (బాపమ్మ వాపసు తెప్పించుకున్న రవికదే) నా డ్రెస్ చేతులు మళ్లీ మడిచి కుట్టాడు. ఒక్క మాట తిట్టలేదు. ‘తొందరపడ్డవ్ బిడ్డా. పెరిగినంక ఇప్పుకుందమంటి గద’ అన్నాడు. అప్పుడు ఏడ్చాను, ముక్కు నొప్పికి కాదు.

దుకాణం ముందు బాపమ్మ నిలబడే ఉంది. దర్జీ బాపు తల దించుకుని, ‘తప్పు నాదేనమ్మా’ అన్నాడు. బాపమ్మ నా గడ్డం పట్టుకుని, బేరానికి వచ్చిన కొబ్బరికాయను చూసినట్టు ముఖాన్ని అటూ ఇటూ తిప్పింది. ముక్కు వంకర పోలేదని తేలాక, ‘ఏమైంది?’ అంది.

‘ఓడిపోయిన బాపమ్మా.’

‘ఓస్’ అంది బాపమ్మ. ‘గంతేనా?’

వెంటనే దర్జీ బాపు కాళ్లు దగ్గర పెట్టి వంగాడు, ‘ఓస్’ అని. మొదట చక్కెర బస్తాల వెనక నాయిన నవ్వాడు. తర్వాత బాపమ్మ, అడకత్తెర ఒళ్లో పడేసుకుని, కళ్లు తుడుచుకునేంతగా నవ్వింది. ఆ రాత్రి పడుకునే ముందు, రేపు ఆకుపచ్చ రవిక బట్ట మళ్లీ దర్జీకి ఇచ్చి రమ్మని నాకు చెప్పింది.

ఇప్పుడు నా ఉద్యోగం భూపాలపల్లిలో. మొన్న ఆఫీసులో ఉండగా బాపమ్మ ఫోన్ చేసి, ‘దర్జీ పోయిండు బిడ్డా’ అంది. రేగొండ దాటేదాకా బస్సులో ఏడుస్తూనే ఉన్నాను. మైదానంలో ఆయన ఫొటో పెట్టారు. బట్టతలలు, బొజ్జలు, చంకల్లో పిల్లలు వేసుకుని పాత విద్యార్థులందరూ వరసల్లో నిలబడ్డారు. చివరి వరసలో ఆయన చోటు ఎవరూ చెప్పకుండానే ఖాళీగా వదిలారు. అందరం వంగి ‘ఓస్’ అన్నాక, బాపమ్మ నా భుజం పట్టుకుని కుర్చీలోంచి లేచింది. ఆమె నడుము ఎప్పుడో వంగిపోయింది కాబట్టి కొత్తగా వంగే పని లేదు. చేతులు జోడించి, ‘ఓస్, దర్జీ’ అంది. వెనక ఎవరో చిన్నపిల్ల కిసుక్కున నవ్వింది. నవ్వనీ అనుకున్నాను, వారం పోతే అలవాటవుతుంది.

ఇంటికొచ్చి పాత పెట్టెలోంచి ఆ డ్రెస్ తీసి తొడిగి చూశాను. నడుము దగ్గర ముడి పడలేదు. నేను పొడుగు పెరుగుతానని ఆయన అనుకున్నాడు గానీ, అడ్డం పెరుగుతానని అనుకోలేదు. చేతులు మాత్రం సరిగ్గా మణికట్టు దగ్గర ఆగాయి, మడత లోపల ఆకుపచ్చ దారం అట్లాగే ఉంది. విప్పుదామని కత్తెర తీశాను. నాకు ముప్పయ్యేళ్లు దాటినా, పెరిగినంక కదా ఇప్పుకోమన్నాడు అని గుర్తొచ్చి, కత్తెర మళ్లీ లోపల పెట్టేశాను.