కిటికీ పక్కన ఎర్రపుల్లల కుండీలు

దేశం కాని దేశంలో, మెయ్‌నూత్ యూనివర్సిటీలో నా పరిశోధన రెండో ఏడాది ముగియవస్తున్నా, చెప్పుకోవడానికి నా దగ్గర ఒక్క ఫలితం కూడా లేదు. మొక్కల్లో కొన్ని జన్యువులు ఎప్పుడో పూర్వం పొరపాటున రెండేసి ప్రతులుగా పడ్డాయి. రెండో ప్రతి చాలాసార్లు పనీపాటా లేక క్రమంగా చెడిపోతుంది. కొన్ని మాత్రం లక్షల ఏళ్లుగా చెక్కుచెదరకుండా ఉన్నాయి. అలాంటి ఒక రెండో ప్రతి ఎందుకు నిలిచిందో కనిపెట్టడం నా పని. ఆవాల జాతికి చెందిన ఒక చిన్న మొక్కలో దాన్ని తీసేసి పెంచాను. మొక్కకు చీమ కుట్టినట్టయినా లేదు. తీసినవీ తీయనివీ పక్కపక్కన పెడితే నాకే తేడా తెలిసేది కాదు, అందుకే తీసినవాటి కుండీల్లో ఎర్ర పుల్లలు గుచ్చాను.

వార్షిక సమీక్షలో చూపించడానికి ఏమీ లేకపోతే పీహెచ్‌డీ ఆపేసి, మాస్టర్స్ పట్టా చేతిలో పెట్టి పంపేస్తారు. ఆ భయంతో నాకు అన్నం సయించేది కాదు. నాతో ఫ్లాట్‌లో ఉండే వరంగల్ అమ్మాయి, "అక్కా, గట్ల సోంచాయించుకుంట కూసుంటే మొక్కలు మాట్లాడ్తయా? తిను ముందుగాల" అనేది. నాకు ఒళ్లు మండేది. తనది సాఫ్ట్‌వేర్ పని, తప్పు చేస్తే కంప్యూటరే తెర మీద ఎర్రగా రాసి చూపిస్తుంది. నా మొక్కలకు ఆ మర్యాద కూడా లేదు.

ఫిబ్రవరిలో మొక్కల గదికి మరమ్మతులు మొదలయ్యాయి. ట్రేలను మా ప్రొఫెసరుగారి గదిలో కిటికీ గట్టు మీదికి మార్చాం. ఆవిడ ఇక్కడి మనిషి. బయట ఎముకలు కొరికే చలి ఉన్నా గదిలో గాలి ఆడాలని కిటికీ తీస్తుంది. నేనేమో ఆ మొక్కలను బాలింతను చూసుకున్నట్టు, చెవుల్లో దూది పెట్టడం ఒక్కటే తక్కువగా, వెచ్చగా సాకుతున్నాను. ఆవిడ అటు వెళ్లగానే కిటికీ మూసేదాన్ని. ఆవిడ వచ్చి మళ్లీ తీసేది.

ఇంతలో నాకు జ్వరం వచ్చి వారమంతా మంచం దిగలేదు. తిరిగి వెళ్లేసరికి కిటికీ బార్లా తెరిచి ఉంది. సగం మొక్కలు వాలిపోయి, ఆకులు పండుబారి ఉన్నాయి. నా కష్టమంతా మట్టి కొట్టుకుపోయిందని ఏడుపు తన్నుకొచ్చింది. ఆవిడ నా పక్కనే వంగి, "వాలినవన్నీ ఎర్రపుల్లలవే, చూడు" అంది.

నిజమే. పుల్ల లేనివి చలికి కాస్త ఊదారంగు తిరిగినా నిటారుగానే ఉన్నాయి. వెచ్చగా ఉన్నన్నాళ్లూ మొదటి ప్రతి ఒక్కటే పని లాక్కొచ్చింది. చలి పడితే గానీ రెండోదానికి పని లేదు. ఆ చలి తగలకుండా అడ్డం నిలబడింది నేనే.

ఒకసారి జరిగితే ఎవరూ నమ్మరు. ఆవిడే ఈసారి పుల్లలు గుచ్చకుండా, కొత్తగా పెంచిన మొక్కల కుండీల అడుగున నాకు కనబడకుండా గుర్తులు పెట్టి, అన్నీ కలిపి చలిపెట్టెలో పెట్టించింది. నేను గోళ్లు కొరుక్కుంటూ తిరిగాను. పెట్టె తెరిచిన రోజు వాలినవాటిని ఒక పక్కకు తీశాను. ఆవిడ అడుగు గుర్తులు చూసి, ఒక్కటీ తప్పలేదని చెప్పి, "గ్రాండ్" అంది. ఇక్కడ టీ వేడిగా ఉన్నా ఆ మాటే అంటారు. అయినా ఆ మాట విని అక్కడే స్టూలు మీద కూర్చుని, వాలిన కుండీలను మళ్లీ ఒక్కొక్కటే లెక్కపెట్టుకున్నాను.

సమీక్షలో నన్ను మూడో ఏడాదికి పంపారు. ఆ సాయంత్రం ఇంటికి వెళ్లి చెబితే, ఫ్లాట్ అమ్మాయి పొయ్యి దగ్గర నుంచి ఇటు తిరగకుండానే, "అయితే ఇగ నువ్వు పోవుడు లేదు గదా అక్కా" అంది. లేదన్నాను. గరిటె పక్కన పెట్టి కళ్లు తుడుచుకుంది. నన్ను పంపేస్తారని తను కూడా ఇన్నాళ్లూ భయపడుతోందని నాకు అప్పుడే తెలిసింది.